బరాత్ గుర్రం మీద వంటసామాను

ఏటా అడవి జాతరలో మా రెజిమెంటల్ బజార్ దుకాణాలవాళ్లం అన్నదానం పెడతాం. బండిదారి ఆగిపోయిన చోటి నుంచి సామానంతా తలల మీదే మోసేవాళ్లం. మోసేవాళ్లకు వయసు పైబడింది. ఈసారి గుర్రాల మీద వేద్దామన్నది నేనే. నా బడి పదో తరగతితో ఆగిపోయినా మిగతా చదువంతా లైబ్రరీలో సాగింది. కొండల్లోకి గుర్రాల మీద సామాను చేర్చే పద్ధతి అక్కడే ఒక పుస్తకంలో బొమ్మలతో సహా చదివాను. రెండు వైపులా బరువు సమంగా ఉండాలి, అదీ మొదటి సూత్రం.

తిరుమలగిరిలో బరాత్‌లకు, అంటే పెళ్లి ఊరేగింపులకు, గుర్రాన్ని తిప్పే మనిషి ఒప్పుకున్నాడు. ఈమధ్య పెళ్లికొడుకులు పూలు చుట్టిన జీపుల్లో వస్తున్నారు. పని లేని గుర్రాన్ని అమ్మేయమని అతని ఇంట్లో పోరు. కొనేవాడు కూడా కుదిరాడు.

"ఈ పనన్న దొరికితే ఉంచుకుంట సారూ. లేకుంటే అమ్ముడే," అన్నాడు. ఇటుకబట్టీలో పనిచేసే బావమరిది దగ్గర నుంచి ఒక కంచరగాడిదను కూడా తెచ్చాడు.

అడవి అంచున త్రాసు పట్టుకొని నేనే బరువులు సరిచూశాను. బియ్యం కంచరగాడిద మీద, పెద్ద వంటగిన్నెలూ గరిటెలూ గుర్రం మీద కట్టాం. నాలుగడుగులు వేయగానే గిన్నెల్లో గరిటెలు గణగణ మోగాయి. గుర్రం మెడ వంచి, ముందుకాళ్లు ఎత్తి చిందు మొదలుపెట్టింది. తాడు జారి గిన్నెలు దాని పొట్ట కిందికి వచ్చాయి.

మా అన్నదానం పెద్ద చూసి, "సామాన్ మోస్తదంటే బరాత్ చేస్తున్నదేందయ్యా? పెండ్లికొడుకు ఏడున్నడు?" అన్నాడు. అందరూ నవ్వారు. గుర్రం మనిషి నవ్వలేదు. తాడు విప్పుతూ, "జెర ఆగవే తల్లీ, ఇయ్యాల ఒక్కదినం," అన్నాడు దాని చెవి దగ్గర.

మోగే వస్తువుల మధ్య మెత్తటివి కూరాలని కూడా పుస్తకంలో ఉంది. కంచరగాడిద మీది బియ్యంలో కొంత చిన్న మూటలు కట్టి గిన్నెల్లో పెట్టి, గరిటెలకు గోనెపట్టాలు చుట్టి, మళ్లీ తూచి కట్టాం. చప్పుడు పోయింది. గుర్రం మాత్రం కదలదు. లాగినా, బుజ్జగించినా అక్కడే నిలబడింది.

"బ్యాండు బంద్ అయితే ఆగాలెనని నేనే నేర్పిన," అన్నాడతను తల వంచుకొని.

"అయితే షురూ చెయ్యి," అన్నాను.

అతను ఒక స్టీలు పళ్లెం అందుకొని గరిటెతో మెల్లగా దరువు వేశాడు. అది చిందుది కాదు, ఊరేగింపు బయలుదేరేటప్పటి నడకది. గుర్రం చెవులు రిక్కించి ముందుకు కదిలింది. కంచరగాడిద వెనకే వచ్చింది. అతని చెయ్యి నొప్పెడితే పళ్లెం నేను తీసుకున్నాను. ఉత్సాహంలో కాస్త జోరు పెంచేసరికి గుర్రం కాలు ఎత్తింది.

"మెల్లగ సారూ, మీరు దాన్ని ఆడిపిస్తున్నరు."

ఆఖరి ఎత్తు ఎక్కేటప్పుడు పళ్లెం అన్నదానం పెద్ద చేతికి వెళ్లింది. ఎవరూ అడగలేదు, తనే తీసుకున్నాడు. పొయ్యిల దగ్గరికి చేరాక దాన్ని తిరగేసి చూసి, "ఇది సొట్టపోయింది. వచ్చే జాతరకు గట్టిది తెస్త. నువ్వు గుర్రాన్ని తే," అన్నాడు.

గుర్రం మనిషి సరేనని తలూపాడు. దానికి నీళ్లు పెట్టి, వీపు తుడిచాడు. తిరుగుదారిలో సిగ్నల్ దొరికిన చోట ఆగి ఇంటికి ఫోన్ చేశాడు. "ఆ కొనేటాయనను రావద్దని చెప్పు," అన్నాడు. అవతల ఏదో గట్టిగా వినిపిస్తూనే ఉంది. అతను గుర్రం మెడ నిమురుతూ వింటూ నిలబడ్డాడు.