ముడి చూసి పట్టుకున్న కాక

మా బాయిలర్ కాక పోయాడు. పొద్దున జగిత్యాల పక్క ఊరి నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసి, "నాయిన లేడన్నా" అన్నాడు. నేనప్పుడు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా లాండ్రీలో, ఆయన నిలబడే చోటే నిలబడి ఉన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు భయం వేసింది. ఇక ఏదైనా అయితే ఎవరిని అడగాలి?

హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీ మాది. అన్నిటికీ ఆవిరి కావాలి. ఆ ఆవిరినిచ్చే పాత బాయిలర్‌ను ఏళ్ల తరబడి కాకే చూసుకున్నాడు. నేను సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసినవాణ్ణి. కరోనా తగ్గాక ఇక్కడికి వచ్చి ఆయన కింద హెల్పర్‌గా చేరాను.

కాకకు డిటెక్టివ్ నవలల పిచ్చి. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి వచ్చిన పాతవి, అట్టలు ఊడినవి, టిఫిన్ సంచిలో ఎప్పుడూ ఉండేవి. గుర్రపు బండ్లు, మంచు, ఆ మంచులో హత్య. "అది ఉత్త మంచు గాదురా, బొగ్గు పొగ. గీ బాయిలర్ అసొంటియి ఊరినిండ ఉండె" అనేవాడు. ఆవిరి యంత్రాలొచ్చి ఆ ఇంగ్లిష్ వాళ్ల దేశంలో చేమగ్గాలవాళ్లు రోడ్డున పడ్డారనీ, మిల్లుల్లో చిన్నపిల్లలు తెగిన పోగులు అతికేవాళ్లనీ ఆయన చెబితేనే నాకు తెలిసింది. ఆవిరి చాలక, ఒత్తిడి ఎక్కువైతే ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్‌నే కట్టేసేవాళ్లట. బాయిలర్ పేలి గోడలతో పాటు మనుషులూ పోయేవాళ్లట. "నవల్ల హంతకుడు దొరుకుతడు. పేలిన మిల్లుల ఎవల్ని అడిగినా నేను గాదంటడు" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి.

అంతా విని కూడా అదే పని చేశాను, చూడండి. ఒక ఏడాది ఈద్ ముందు రద్దీ. కాక అన్నానికి వెళ్లాడు. వాల్వ్ బుస్సుమని ఆవిరి వదులుతోంది. ముదీర్, అంటే మా మేనేజర్, "యల్లా! స్టీమ్ కిధర్ హై?" అని, ఆవిరేదని ఒకటే కేకలు. బరువు వేలాడే వాల్వ్ కడ్డీ పైకి లేవకుండా లాండ్రీ సంచుల తాడుతో కిందికి కట్టేశాను. తాడు చాలక రెండు ముక్కలు అతికాను.

కాక వస్తూనే బర్నర్ ఆపి, పక్క గదిలో ఇస్త్రీ చేసేవాళ్లందరినీ బయటికి తరిమాడు. ఆవిరి ఒత్తిడి చూపే గేజ్ ముల్లు అప్పటికే ఎర్రగీత దాటిపోయింది. అంతా చల్లబడ్డాక తాడు విప్పాడు.

"ఎవలు కట్టిండ్రు?"

"నేను కాదు కాకా." సిగ్గులేకుండా ఆ మాటే అన్నాను.

ఆయన తాడును వెలుతురులో తిప్పి, మధ్యలో ముడి చూశాడు. "పోగుల ముడేసి ఇట్ల అతికేటోడు సాంచె కాడ పెరిగినోడే. ఈ లాండ్రీల సిరిసిల్లోల్లు ఎంతమందిరా?"

నేను కూలబడి ఏడ్చాను. ఆయన తిట్టలేదు. "నాగ్గూడ రోజూ భయమేరా. ఆ భయం పోయిన్నాడు ఈడ నిలవడకు" అన్నాడు. ముదీర్‌తో మాత్రం "ఆజ్ బాయిలర్ బంద్. ఖలాస్" అన్నాడు. తాడును గేజ్ పక్కన మేకుకు తగిలించాడు.

నిరుడు ఆయన ఇంటికి వెళ్లిపోయాక ఆ చోటు నాకు వచ్చింది. ఇవాళ ఫోన్ పెట్టేసిన కాసేపటికే వాల్వ్ బుస్సుమంది. అయినా గేజ్ ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. బర్నర్ ఆపితే ఉద్యోగం పోతుందని ఒక భయం, పక్క గదిలో మనుషులున్నారని ఇంకో భయం. బర్నర్ ఆపేశాను.

"కిస్‌నే బంద్ కియా?" ఎవరు ఆపారని ముదీర్ తలుపు దగ్గర నుంచి అరిచాడు.

"నేనే సాబ్. మైనే కియా."

నేను గేజ్ పక్కని మేకు వైపు చూశాను. వాల్వ్ ఆవిరికి ఆ తాడు మెల్లగా ఊగుతోంది. దాని మధ్యలో నా ముడి అలాగే ఉంది.