సూర్యుడి గాలి కొట్టిన లెక్క

మొన్న వన్ టౌన్‌లో ఒక కొట్టు ముందు తడిపి వేలాడదీసిన వట్టివేళ్ల తడికల వాసన తగలగానే నాకు నవ్వాగలేదు. పక్కనున్నవాళ్లు వింతగా చూశారు. చూడనీ! ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది వేసవి కాదు, మా జ్ఞానసుందరం మేడమ్ గారు.

డెబ్భైల మొదట్లో విజయవాడలోని ఒక కాలేజీలో ఆవిడ ఫిజిక్స్ లెక్చరర్, నేను తాత్కాలిక డిమాన్‌స్ట్రేటర్‌ని. ఎక్కడో నక్షత్రాల మధ్య నుంచి వచ్చి మన మీద పడే విశ్వకిరణాలను లెక్కపెట్టే యంత్రాన్ని ఆవిడ తన చేతులతో బిగించారు. పూటపూటకూ అంకెను పుస్తకంలో సిరాతో రాయడం నా పని. పెన్సిలు ముట్టనిచ్చేవారు కాదు. "నచ్చని అంకె వస్తే చెరపబుద్ధేస్తుందమ్మా, ఎంతవాళ్లకైనా" అనేవారు.

ఒక మే నెలలో ఆ లెక్క ఉన్నట్టుండి పడిపోయింది. మా హెడ్ గారు పుస్తకం చూసి స్టాఫ్ రూములో అందరి ముందూ మండిపడ్డారు. "కిరణాలను పట్టే గొట్టం పాడుచేసి ఉంటావు. లేకపోతే కబుర్లలో పడి నోటికొచ్చింది రాశావు. వచ్చే నెల నుంచి రానక్కర్లేదు." ఉయ్యూరు పక్క పల్లె నుంచి, మా ఇంట్లో ఉద్యోగానికి గడప దాటిన మొదటి ఆడపిల్లను నేను. ఏ మొహం పెట్టుకుని తిరిగి వెళ్లను? ఏడుపు ఆగలేదు.

మేడమ్ గారు ముందు బారోమీటరు చూశారు. గాలి పీడనం పెరిగినా లెక్క తగ్గుతుంది, కానీ అందులో మార్పేమీ లేదు. అప్పుడు హెడ్ గారితో అన్నారు: "నిన్నటి నుంచి మా ఇంట్లో షార్ట్‌వేవ్ రేడియో కూడా సరిగా పలకట్లేదండీ. సూర్యుడి మీద ఏదో పేలుడు జరిగుంటుంది. అక్కణ్ణుంచి గాలి విసురుగా బయల్దేరింది. మనం పీల్చే గాలి కాదండీ, విద్యుత్ కణాలు. అయస్కాంత బలాన్ని మోసుకొస్తాయి. బయటి నుంచి వచ్చే కిరణాలకు అది ఎదురుగాలి. కొన్నిటిని వెనక్కి నెట్టేస్తుంది."

ఆ మాటలు గుమ్మంలో ఉన్న అటెండరు సాంబయ్య చెవిన పడ్డాయి. మర్నాడు పొద్దున్న చూస్తే యంత్రం గది కిటికీలన్నిటికీ తడి వట్టివేళ్ల తడికలు!

"సూర్యుడి గాలి కొట్టిందంట కదమ్మా మిషన్‌కి. వడదెబ్బే! మజ్జిగ తాగించలేం గదా, అందుకే ఇయ్యి కట్టా."

హెడ్ గారు పగలబడి నవ్వారు. "చూశారా మేడమ్, మీ సిద్ధాంతం ఎంతవరకొచ్చిందో!"

"మిషన్ బాగుపడాలని అతనైనా అనుకున్నాడండీ" అన్నారావిడ, గొంతు పెంచకుండానే. చెమ్మ మంచిది కాదని తడికలు తీయించి, యంత్రం ఉన్న అద్దాల బీరువాకు తాళం వేసి, తాళంచెవి హెడ్ గారి చేతిలోనే పెట్టారు. "ఇక మేమెవరం ముట్టుకోం. రోజూ అద్దంలోంచి చూసి మీరే రాయండి. పాడైన గొట్టం తనంతట తాను బాగుపడదు కదా? గాలి దాటిపోతే లెక్క దానంతటదే లేస్తుంది."

లేచింది! రోజుకు కొంచెంగా, మెల్లగా లేస్తూ వారం తిరిగేసరికి పాత అంకెకు చేరింది, అదీ హెడ్ గారి సొంత దస్తూరీలో! నేను సిగ్గు విడిచి వరండాలో గంతులేశాను. ఆయన నన్ను పక్కకు పిలిచి "నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే అమ్మా" అన్నారు. నాకు అదే పదివేలు. మేడమ్ గారికి చాల్లేదు.

"ఆ మాట స్టాఫ్ రూములో అనండి. పొమ్మన్నది అక్కడే కదండీ?"

హెడ్ గారు అక్కడే అన్నారు, అందరి ముందూ.

తర్వాత ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను. నా లెక్క తప్పని ఎవరైనా అంటే ఏడవను, వాదించను. తాళంచెవి వాళ్ల చేతిలోనే పెడతాను.