చెరిపేయమన్నది నేనే

మా మేనమామ పోయారు. బుధవారం పొద్దున ఆయన ఉండే తుడియలూరు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను సింగానల్లూరులో మా ఇంటి ముందు నీళ్లు చల్లుతున్నాను. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే వాలిపోయారట. సుఖమైన చావు అని వచ్చినవాళ్లంతా అన్నారు. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది. అదెందుకో చెప్పకుండా ఆయన గురించి నేను నాలుగు మంచి మాటలు రాస్తే అది దొంగతనమే.

మామ నలభై ఏళ్లు పంపు మోటార్లకు కాయిల్ చుట్టారు. అన్నూరు వైపు రైతులు ఆగిపోయిన మోటారును బండిలో వేసుకొచ్చి, కొత్తది కొనాలా అని అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. మూత విప్పి, లోపలికి ముక్కు పెట్టి వాసన చూసేవారు. "కాలినదానికొక వాసన, అలిసినదానికొక వాసన" అనేవారు. "విప్పకుండా సచ్చిందనేవాడు మెకానిక్ కాదు, యాపారి." ఆయన చేతికొచ్చినవాటిలో సగం అలిసినవే.

ఇంట్లో మాత్రం ఆయనకు నోరు లేదు. ఆ లోటు మా అత్త తీర్చేది. "ఈ బెల్లం కొట్టిన రాయికి నన్నిచ్చి కట్టినారే" అని మొదలుపెడితే వీధి చివరి టీకొట్టు దాకా వినపడేది. మామ తల వంచుకుని నవ్వుకునేవారు. "మీ అత్త తిట్టకుంటే ఆ పొద్దు నాకు అన్నం అరగదు" అని మాతో గుసగుసగా చెప్పేవారు. అది కూడా అత్త వినేది, దానికీ ఒక తిట్టు ఉండేది.

అత్త పోయాక వర్క్‌షాపు మూసేశారు. ఏం తోచక కూర్చుంటున్నారని నా పాత లాప్‌టాప్ ఇచ్చాను. తరాలుగా ఈ తమిళ ఊళ్లలోనే ఉన్న మాలో అందరికీ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నేనంటే పెళ్లయ్యాక పదేళ్లు చిత్తూరులో ఉండి తెలుగు రాత నేర్చుకున్నాను గానీ, మామకు వచ్చినవి తమిళ అక్షరాలే. వాటినే ఒక్క వేలితో ఏదో కొడుతూ ఉండేవారు. ఏం రాస్తున్నారని అడిగితే "ఏదో, పొద్దు పోవాల కదా" అని మూత వేసేసేవారు.

పోయిన సంవత్సరం ఆ లాప్‌టాప్ చచ్చింది. మామ దాన్ని తువ్వాలులో చుట్టుకుని, టౌన్ బస్సెక్కి మా ఇంటికొచ్చారు.

"అమ్మిణీ, పెట్టె కన్ను తెరవదు. ఎవరికన్నా విప్పి చూపించు."

"ఏడేళ్ల పాతది మామా. బాగుచేసేదానికి పెట్టే డబ్బుకి ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది."

"విప్పకుండానే చెప్తావే!" అన్నారు. తువ్వాలు మడత పెట్టుకుంటూ, "సెరి, నీ ఇష్టం. లోపల నేను కొంచెం రాసుకోని ఉండాను. అది మాత్రం పోకుండా చూడు కన్ను" అన్నారు. ముద్దుగా పిలిచేటప్పుడు నేనాయనకు 'కన్ను'ని. చూస్తానన్నాను.

పాతదాన్ని అంగట్లో ఇచ్చి కొత్తది తీసుకున్నాను. లోపలివి ఉంటే తీసి పెట్టండని చెప్పాను కూడా. ఆ సాయంత్రం నేను పనిచేసే మిల్లు ఆఫీసులో లోడు పంపే హడావిడిలో ఉండగా మెకానిక్ ఫోన్ చేశాడు. "మేడమ్, ఒకే ఒక పెద్ద ఫైలు ఉంది. అదీ పాడైపోయింది. అక్షరాలు తమిళమే గానీ ఒక్క మాటకీ అర్థం లేదు. చెరిపేయనా?" అని తమిళంలో అడిగాడు. చెరిపేయండి అన్నాను.

ఒక్క వరుస చదవమని అడిగి ఉంటే చాలు. అతనికి అర్థం కాని ఆ తమిళం మా ఇంటి తెలుగని నా చెవి ఇట్టే పట్టేసేది. నేను అడగలేదు.

కొత్త లాప్‌టాప్ ఇచ్చిన రోజు మామ చాలాసేపు దానిలో వెతికి, "నా రాతలేవి?" అన్నారు.

"పాడైపోయినాయంట మామా. అర్థం లేని అక్షరాలంట."

మామ నా వైపు చూశారు. "అర్థముండాది కన్ను. అవి మీ అత్త తిట్లు. నెనపు వచ్చినప్పుడంతా ఒకటొకటి ఎక్కిస్తా ఉంటి."

మర్నాడు అంగడికి పరిగెత్తాను. ఏమీ మిగల్లేదన్నారు. తిరిగొచ్చి ఏడిస్తే, "పరవాల్ల, ఉడు, పోనీలే. నీకేమి తెలుసు" అన్నారు. ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. కానీ ఆ ఇంట్లో తిట్టడం వచ్చిన మనిషి ఎప్పుడో పోయింది.

మళ్లీ చెప్పండి మామా, నేను కూర్చుని తెలుగులో ఎక్కిస్తాను అని ఎన్నోసార్లు అడిగాను. "ఒగతూరి తిట్టింది ఒగతూరే అమ్మిణీ. రమ్మంటే వచ్చేది కాదు" అనేవారు. ఊరందరి మోటార్లూ విప్పి చూసిన మనిషి నన్ను ఒక్కటి విప్పి చూపించమన్నారు. ఆ ఒక్కటీ నేను చేయలేదు.

కర్మ అయ్యాక ఆయన బీరువాలో ఒక నోటుబుక్కు దొరికింది. రమ్మంటే రాదన్న మనిషే నాకు తెలియకుండా ప్రయత్నించారు. తమిళ అక్షరాల్లో మా తెలుగు. "చెప్పుల్తో లోపలికొస్తే" అని రాసి, కింద రెండు వరుసలు వదిలారు. "అన్నూరులో ఆలస్యమైతే" కింద నాలుగు వరుసలు. "కరివేపాకు మరిస్తే" కింద ఏదో రాసి, అది కాదని కొట్టేశారు. పేజీల నిండా ఇలాగే సందర్భాలున్నాయి, తిట్లు లేవు. ఏ తిట్టు ఎంత పొడుగో మాత్రం ఆయనకు బాగా గుర్తున్నట్టుంది. ఒక చోట "నాకు జ్వరమొస్తే" అని పైన రాసి, పేజీ అంతా ఖాళీగా ఉంచారు.