మామగారి టేకు కాణీ

పులుసులో వెయ్యాల్సిన చింతపండుతో ఒక మనిషి ఎంత ప్రళయం తేగలడో మీకు సందేహముంటే నన్నడగండి. పెళ్ళయిన కొత్తలో, రేపల్లెలో మా అత్తవారింట్లో నేనంత పనీ చేశాను.

మా మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. పాత రాగి కాణీలు పోగెయ్యడం ఆయన పిచ్చి. అలాగని అన్నీ పనికిరావు; ఒంటి మీద టేకు చెక్కకున్నట్టు చారలుండాలి. పోతపోసినప్పుడు లోహాలు సరిగ్గా కలవకపోతే, ఏళ్ళు గడిచేకొద్దీ అలా చారలు తేలతాయి. ఇప్పుడైతే నిద్రలో లేపినా చెబుతాను గానీ, ఆయన భోజనాల దగ్గర గంటసేపు చెప్పినప్పుడు నా దృష్టంతా గోంగూర మీదే ఉంది. "ఆహా, అలాగాండి" అంటూ తలాడించాను.

నా కోరికల్లా ఒక్కటే. తెనాలి అల్లుడు పనికొచ్చేవాడేనని ఆయన నోట ఒక్క మంచిమాట రావాలి.

అవకాశం రానే వచ్చింది. "అల్లుడుగారూ, రేపు బాపట్ల వెళ్దామండి. చెక్కచారల కాణీ ఉందంటే, నాలాగే నాణేలు పోగేసే మా ఖాదర్ నమ్మట్లేదు. డబ్బా మీ సంచిలో పెట్టుకోండి, నేనైతే బస్సులో మర్చిపోతాను" అన్నారు.

పొద్దున్నే డబ్బా తెరిచి చూద్దును కదా, కాణీ నిండా మురికి! ఇలాంటిది నలుగురికీ చూపిస్తే మామగారి పరువేం కాను?

"ఏంటండీ, పొద్దున్నే చింతపండుతో పని?" అంది మా ఆవిడ.

"నువ్వూరుకో. మీ నాన్నగారు మురిసిపోతారు చూడు" అన్నాను పిడికిలి వెనక్కి దాచి.

ఉప్పు కూడా కలిపి బొటనవేలు తిమ్మిరెక్కేదాకా తోమాను. అద్దంలా మెరిసింది. అందులో చూసుకుని మీసం కూడా దువ్వుకున్నాను.

బాపట్లలో ఖాదర్ గారు భూతద్దం తుడుచుకుని సిద్ధంగా ఉన్నారు. "తియ్యండి మాస్టారూ, మీ టేకు కాణీ!"

నేను ఛాతీ విరుచుకుని డబ్బా అందించాను. ఆయన చూశారు. తిప్పి చూశారు.

"ఇది నిన్న చేయించారా మాస్టారూ?"

మామగారు కాణీ లాక్కుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. "అల్లుడుగారూ... చారలేవండి?"

"మురికేనండి మావయ్యగారూ! ఒక్కటి మిగిలితే ఒట్టు."

"దేంతో తోమారు?"

"చింతపండండి. ఉప్పండి."

"ఉప్పు కూడానా!" అంటూ ఆయన కుర్చీలో కూలబడ్డారు.

ఖాదర్ గారికి నవ్వాగలేదు. ఆనక జాలేసి, "చారలు ఉండేవని నమ్ముతాలెండి మాస్టారూ. లేకపోతే అబ్బాయి అంతసేపు తోమడమెందుకు?" అన్నారు.

తిరుగు బస్సులో మామగారు రేపల్లె దాకా కిటికీలోంచి బయటికే చూశారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున అత్తగారు రెండు రాగి బిందెలు, నాలుగు చెంబులు, ఇంత చింతపండు ముద్ద నా ముందు పెట్టారు. "కొత్తల్లుడికి ఈ పని చెప్పకూడదు బాబూ. ఆయనే పెట్టమన్నారు."

పేపరు చాటునుంచి మామగారి గొంతు వినిపించింది: "మా అల్లుడుగారు తోమితే మురికే కాదు, చరిత్ర కూడా మిగలదు!"

ఆయన నోట నాకు దక్కిన మొట్టమొదటి మెప్పు అదే. ఆ రాగి బిందె మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఇక మీదట పెద్దవాళ్ళ వస్తువు మీద మురికి కనిపిస్తే, ముందు దానికి దణ్ణం పెట్టి, ఆ మురికి పేరేంటో కనుక్కుంటాను.