నేను కొలవని ఐదు చుక్కలు

ఒక గ్రాఫు మీద నేను పెట్టిన ఐదు చుక్కలను పద్నాలుగేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మాది రాచర్ల దగ్గర పల్లె. ఫిజిక్సులో పీహెచ్‌డీ చేశాను. నేను పనిచేసిన స్ఫటికాల్లో పరమాణువులు చిన్న అయస్కాంతాల్లాంటివి. బాగా చల్లబరిస్తే పక్కపక్కనున్నవి ఒకదానికొకటి ఎదురు దిక్కుకు తిరిగి వరుస కడతాయి. వేడి చేస్తూ పోతే ఒకచోట ఆ వరుస చెదిరిపోతుంది. మైక్రోవేవ్ తరంగాలు పంపితే వాటి స్పందన తెర మీద శిఖరంలా లేస్తుంది. వరుస చెదిరే ఉష్ణోగ్రతకు దగ్గరయ్యేకొద్దీ నా శిఖరం వెడల్పై, పలచబడి, మాయమైంది. అక్కడ నాకేమీ కనపడలేదు. అయినా శిఖరం చివరిదాకా సన్నగా నిలిచిందని ఐదు చుక్కలు పెట్టాను. గడువు ముంచుకొచ్చిందనా? కొత్త సంగతి కనుక్కున్నవాడిని అనిపించుకోవాలనా? గడువు ఒక సాకు మాత్రమేనని ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాత అదే ల్యాబుకు షమీమ్ వచ్చింది. వాళ్లది మార్కాపురంలో బట్టల దుకాణం. నా యాస విని అన్నా అని పిలిచేది. నా ఫలితాన్ని ముందుకు తీసుకెళ్లడమే ఆమె పని. రెండేళ్లు స్ఫటికాలు పెంచింది, కొలిచింది. ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆడికొచ్చేసరికి నాకేం కనపడ్డంలేదు. నీకెట్ల వచ్చింది?"

"క్రిస్టల్ బాగలేదేమో."

"నాలుగు మార్చినా. నా చేతుల్లోనే ఏదో లోపముంది."

నీ చేతుల్లో లోపమేం లేదమ్మా అంటే సరిపోయేది. అలవాటైతే వస్తుందిలే అన్నాను.

ఆ ఏడాదే ఆమె పరిశోధన వదిలేసి వెళ్లిపోయింది. ఆ ఐదు చుక్కలతో పరిశోధన పత్రికలో అచ్చయిన నా పేపరు చూసే నాకు ఉద్యోగమిచ్చారు. ఏమీ కనపడలేదని ఆమె రాసుకున్నదే సరైన ఫలితమని తెలిసినవాణ్ని లోకంలో నేనొక్కణ్నే.

పోయిన నెల మార్కాపురం వెళ్లాను. ఆమె ఇప్పుడు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతోంది. స్టాఫ్‌రూములో ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను.

"ఎందుకు వదిలేసినావమ్మా అని మా నాయన పోయేదాకా అడిగినాడు," అంది. "నాకు చేతకాలేదని చెప్పినా."

బెల్లు కొట్టారు. క్లాసుకు వెళ్లిపోయింది. క్షమించమని అడగలేకపోయాను. అడిగే హక్కు నాకెక్కడిది?

పేపరు వెనక్కి తీసుకుంటానని పత్రికకు రాశాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. ఆమెను కలిసిన రోజు మార్కాపురంలో గిద్దలూరు బస్సెక్కి కూర్చున్నాక, చాలా ఏళ్ల తర్వాత, ఊపిరి తేలిగ్గా ఆడింది. అంత తేలిక నాకు దక్కినందుకు సిగ్గేసింది కూడా.