హారనక్క ఎంచుకున్న కొలత

డిపోలో ఆవిడని అందరూ హారనక్క అంటారు. నోరు విప్పకుండా హారన్‌తోనే సగం ఊరిని తిట్టగలదని ఆ పేరు. సిటీ బస్సు నడపడం మొదలుపెట్టి ఇరవై మూడేళ్ళయింది. అద్దంలో తల దువ్వుకుంటూ కారు నడిపేవాళ్ళన్నా, ఫోను చెవికి అంటించుకుని రోడ్డు దాటేవాళ్ళన్నా, లోపల సీట్లు ఖాళీగా ఉన్నా మెట్ల మీదే వేలాడేవాళ్ళన్నా ఆవిడకి చిన్నచూపు. ఆ చిన్నచూపుని దాచుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. రోజుకి వెయ్యిమందిని మోసేదాన్ని, నాకు మనుషుల మీద గౌరవం ఎక్కడినుంచి పుట్టుకొస్తుంది, అనేది.

లారీ మెకానిక్ కూతురు. మొదట కండక్టరుగా చేరింది, ఆరేళ్ళ తర్వాత డ్రైవరు పరీక్షకి వెళ్ళింది. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు ఆవిణ్ణి కిందినుంచి పైదాకా చూసి, "కాళ్ళు అందుతాయా అమ్మా?" అని పళ్ళికిలించాడు. ఆవిడ జవాబు చెప్పకుండా బస్సెక్కి, రెండు పక్కలా జానెడేసి చోటు మాత్రమే ఉన్న షెడ్డులోకి ఒక్క ఊపులో వెనక్కి పెట్టి దిగింది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం చేస్తుంటే పెదవి విరిచి నిలబడిందే తప్ప థాంక్సు కూడా చెప్పలేదు.

అలాంటి మనిషి కూడా ఒక్కచోట నోరు మూసుకుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు, మొగుడికి తప్ప.

నలభయ్యో ఏట ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. కేన్సరన్నారు. రొమ్ము మొత్తం తీసేసి, అదే ఆపరేషన్‌లో లోపల సిలికాన్ తిత్తి, అంటే ఇంప్లాంట్ పెడతామన్నారు. ముందురోజు పెద్ద సర్జన్ ఆరుగురు శిష్యుల్ని వెంటేసుకుని మంచం దగ్గరికి వచ్చాడు. పడుకున్న మనిషి వైపు చూడలేదు. మంచం పక్కన నిలబడ్డ మొగుణ్ణి చూసి, "ఏమయ్యా, ఎంత సైజు పెట్టమంటావు?" అని కన్ను గీటాడు. శిష్యులు కిసుక్కున నవ్వారు. మొగుడు ఒక స్కూల్లో సైన్సు ల్యాబ్ అసిస్టెంటు, నోట్లో నాలుక లేని మనిషి. తన చెప్పుల వైపు చూసుకుంటూ, "మీ ఇష్టం సార్" అన్నాడు.

"అయితే కాస్త ఉదారంగానే పెడదాం!" అని సర్జన్ పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

ఆ ఉదారబుద్ధిని హారనక్క పన్నెండేళ్ళు మోసింది. ఎడమవైపుది బోర్లించిన గిన్నెలా మెడకిందికి ఎక్కి కూర్చుంది. కుడివైపుది ఆవిడతోపాటే వయసు మీదపడి కిందికి జారింది. యూనిఫాం చొక్కా మూడో బొత్తాం ఎప్పుడూ తెగేది. సీటుబెల్టు దానిమీదినుంచి జారి మెడని కోసేది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా ఎడమ మోచేయి దానికి కొట్టుకునేది. ఒకసారి వెళ్ళి, "పెద్దదైంది సార్" అని చెప్పుకుంటే, "అలవాటు పడతావమ్మా. ఇలాంటిది కావాలని వరసలో నిలబడేవాళ్ళున్నారు" అన్నాడు సర్జన్, ఏదో వరమిచ్చినట్టు మొహం పెట్టి. ఆ రోజు నుంచి ఆవిడ లెక్కలో ఆయన మనిషి కాడు. మొగుడికి కూడా మనసులో ఒక పేరు పెట్టుకుంది: మీఇష్టంసార్. ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఆయన "నీ ఇష్టం" అన్నప్పుడల్లా ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగేది.

యాభై రెండో ఏట ఎడమవైపు రాయిలా గట్టిపడింది. ఊపిరి పీల్చినా నొప్పి. స్కాన్ తీస్తే లోపలి తిత్తి చిరిగిందని, తీసెయ్యక తప్పదని తేలింది. తీసేశాక వేరేది పెట్టించుకోవాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టమన్నారు.

ఈ మాట చెవిన పడగానే మొగుడి అక్కగారు బ్యాగు సర్దుకుని దిగింది. ఏ విషయం మీదైనా రెండు పక్కలా మాట్లాడగలిగిన మనిషి.

"ఈ వయసులో నీకెందుకే ఇవన్నీ? తీసేయించుకుని ఊరుకోక" అంది కాఫీ తాగుతూ. కప్పు కింద పెట్టేలోపు మళ్ళీ అందుకుంది. "పెట్టించుకునేదేదో చూడ్డానికి నిండుగా ఉండేది పెట్టించుకో. మా ఆడపడుచు కోడలు పెట్టించుకుంది, ఎంత బావుందో!"

"ఆ అమ్మాయి బస్సు నడుపుతుందా వదినా?"

"నడపదు. ఇంట్లోనే ఉంటుంది."

"మరింకేం? మీరు ఆవిణ్ణి చూసుకుని ఆనందించండి. నాకు మాత్రం కావాలి, నాకు సరిపడేది కావాలి. ఎందుకని ఎవరికీ చెప్పను."

వదినగారు మూతి ముడుచుకుని టీవీ పెట్టుకుంది.

ఈసారి వేరే ఆసుపత్రికి వెళ్ళింది హారనక్క. డాక్టరు కంటే ముందు సలహాలిచ్చే అమ్మాయిని కలవాలన్నారు. అతికించినట్టున్న నవ్వుతో ఆ అమ్మాయి ఒక ట్రే తెచ్చి ముందు పెట్టింది. ట్రేలో చిన్నవీ పెద్దవీ పది పన్నెండు సిలికాన్ ముద్దలు. గాజు సీసాలో జెల్లీలా వణుకుతున్నాయి.

"ముట్టుకుని చూడండి మేడమ్. ఇది మూడువందల పది మిల్లీలీటర్లు. చాలామంది దీన్నే ఇష్టపడతారు."

"ఆ చాలామంది ఎవరు?"

"అంటే... జనరల్‌గా మేడమ్."

"నేను జనరల్‌గా రాలేదమ్మా, నాకోసం వచ్చాను."

అమ్మాయి నవ్వు చెదరలేదు. "కుడివైపు కూడా చిన్నది పెట్టి కాస్త పైకి లేపితే రెండూ మ్యాచ్ అవుతాయి మేడమ్. పదేళ్ళు తగ్గినట్టు కనిపిస్తారు."

"కుడిదానికి ఏ రోగమూ లేదు. దాని జోలికెళ్ళకు" అంది హారనక్క. ట్రేని రెండు వేళ్ళతో వెనక్కి తోసింది, పాచిపోయిన కూరని తోసినట్టు.

తర్వాత డాక్టరు గదిలోకి వెళ్ళింది. డాక్టరమ్మని చూడగానే ఆవిడకి నీరసం వచ్చింది. స్టూడెంటు పాసు చూపించి బస్సెక్కే పిల్లలా ఉంది. కానీ ఆ పిల్ల కుర్చీ దగ్గరికి లాక్కుని మొట్టమొదట అడిగింది: "మీరు ఏం పని చేస్తారు?" చెప్పాక, "స్టీరింగ్ ఎలా తిప్పుతారో చూపించండి" అంది. హారనక్క గాల్లో స్టీరింగ్ తిప్పింది. మోచేయి ఎక్కడ తగులుతోందో డాక్టరమ్మ పెన్నుతో గుర్తు పెట్టింది. ఛాతీ వెడల్పు కొలిచింది. పాత ఆసుపత్రి కాగితాలు తిరగేసింది.

"లోపల ఉన్నది మూడువందల ఎనభై. మీ ఛాతీ వెడల్పుకి మించినది. అంత పెట్టాల్సిన అవసరం లేదు."

హారనక్కకి పన్నెండేళ్ళుగా తెలిసిన సంగతే అయినా ఇంకొకరి నోట వింటే కోపం కొత్తగా లేచింది.

డాక్టరమ్మ ఆకారాల సంగతి చెప్పింది. నీటిబొట్టులా పైన పల్చగా, కింద నిండుగా ఉండేది కుడిదానికి దగ్గరగా కనబడుతుంది. కానీ లోపల పక్కకి తిరిగితే ఆకారం చెడి, మళ్ళీ కొయ్యాల్సి వస్తుంది. పైగా దాని పొర గరుకుగా ఉంటుంది, అలాంటి పొరవల్ల అరుదుగా ఒక రకం కేన్సర్ వస్తోందని తేలింది. నున్నటి గుండ్రటిది తిరిగినా తేడా ఉండదు. కాకపోతే పైభాగం కాస్త ఉబ్బుగా ఉంటుంది.

"రోజంతా స్టీరింగ్ తిప్పేదాన్ని. తిరిగితే చెడిపోయే వస్తువు నాకెందుకు? గుండ్రటిదే పెట్టండి, ఎత్తు తక్కువది."

"మరి సైజు?"

"మీరే చెప్పాలి కదా?"

"కుడివైపుది ఎంతుందో నేను కంటితో అంచనా వేస్తాను. మీకు నమ్మకం కుదరకపోతే మీరూ ఆలోచించుకుని రండి. ఒంట్లో పెట్టుకుని తిరిగేది మీరు."

ఇంటికొచ్చి ఆ మాట మొగుడికి చెప్పింది, జవాబు ఆశించకుండానే. ఆయన "నీళ్ళతో కొలవచ్చు" అన్నాడు.

మర్నాడు స్కూలునుంచి కొలజాడీ తెచ్చాడు. స్నానాల గదిలో పెద్ద పళ్ళెం పెట్టి, అందులో లోతైన గిన్నె పెట్టి, అంచుదాకా నీళ్ళు నింపాడు. హారనక్క చొక్కా విప్పి, వంగి, కుడి రొమ్ముని గిన్నెలో ముంచింది. నీళ్ళు పొర్లి పళ్ళెంలో పడ్డాయి. ఆయన వాటిని జాడీలోకి వంచి, కంటికి ఎదురుగా పెట్టుకుని చదివాడు.

"రెండువందల అరవై. కదిలావు. మళ్ళీ."

రెండోసారి రెండువందల నలభై అయిదు. మూడోసారి రెండువందల యాభై. నడుం పట్టేసి ఆవిడ గోడకి ఆనుకుంది.

"ఈ తెలివి ఆ రోజు ఏమైంది?" అంది. పన్నెండేళ్ళుగా అడగని ప్రశ్న అది. "మీ ఇష్టం సార్ అన్నారే, అప్పుడు ఏ జాడీలో ఉంది ఈ తెలివి?"

ఆయన జాడీ కింద పెట్టాడు. "భయమేసింది. నువ్వు బతికితే చాలనుకున్నాను. ఆయనకి కోపమొస్తే చెయ్యి సరిగ్గా పెట్టడేమోనని..." ఆగి, తల ఎత్తాడు. "నువ్వూ మేలుకునే ఉన్నావుగా. నువ్వూ ఏమీ అనలేదు."

హారనక్కకి చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. ఇన్‌స్పెక్టర్లని గడ్డిపోచల్లా చూసిన మనిషి ఆ రోజు దుప్పటి గడ్డందాకా లాక్కుని, ఆ నవ్వులన్నీ విని, కళ్ళు మూసుకుని నిద్ర నటించింది. సర్జన్నీ మొగుణ్ణీ ఇన్నేళ్ళూ ఈసడించుకుంది కానీ ఆ దుప్పటి కింద మనిషిని ఎప్పుడూ పిలిచి అడగలేదు. ఇప్పుడు ఆ మనిషిని చూస్తే అందరికంటే ఎక్కువ రోత పుట్టింది.

"తువ్వాలందుకోండి" అంది చివరికి. ఆయన అందించాడు.

ఆ వారం డాక్టరమ్మకి లెక్క చెప్పింది. ఎలా కొలిచారో విని ఆ పిల్ల పగలబడి నవ్వి, తర్వాత గంభీరంగా తను వేసుకున్న అంచనా చూపించింది. అదీ రెండువందల యాభయ్యే. చర్మం మందం పోను రెండువందల నలభై చాలంది. పెద్దది తీసి చిన్నది పెడుతున్నాం కాబట్టి లోపలి చోటుని కుట్టి తగ్గించాలనీ, పైన చర్మం కాస్త ముడత పడొచ్చనీ ముందే చెప్పింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే వీపు వైపు కట్టుకునే గౌను తొడిగి, చేతికి సూది గుచ్చి, సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. హారనక్క కళ్ళజోడు అడిగింది. "ఎందుకు మేడమ్, మామూలు ఫారమే" అంది ట్రే అమ్మాయి, అదే నవ్వుతో. ఆవిడ కళ్ళజోడు వచ్చేదాకా పెన్ను ముట్టుకోలేదు. చదివింది. సైజు ఎదురుగా మూడువందల పది అని ఉంది.

"ఇదేమిటి?"

"సిస్టమ్‌లో అదే వస్తుంది మేడమ్. లోపల డాక్టర్‌గారు చూసుకుంటారు, మీరు టెన్షన్ పడకండి."

హారనక్క మంచం దిగింది. వెనకాల గౌను ఊడుతుంటే ఒక చేత్తో పట్టుకుని, వసారాలోకి నడిచి, నడిమధ్య నిలబడి, "డాక్టర్ని పిలవండి!" అని కేకేసింది. బస్సు హారన్ అయినా అంత మోగేది కాదు. నర్సులు పరుగెత్తుకొచ్చారు. "బీపీ పెరుగుతుందమ్మా, పడుకోండి" అని ఒకరు, "పేషెంట్లు భయపడతారు" అని ఇంకొకరు. "భయపడనివ్వండి. మంచిదే" అందావిడ.

డాక్టరమ్మ వచ్చి కాగితం చూసింది. లోపలికి వెళ్ళి అల్మరా చూసి వచ్చింది. తెప్పించినవన్నీ మూడువందల పదివో, అంతకన్నా పెద్దవో. రెండువందల నలభై ఒక్కటీ లేదు.

"తప్పు మాది. నిన్ననే నేను చూసుకోవాల్సింది. ఇవాళ చెయ్యను" అంది అందరి ముందూ. ఒక డాక్టరు నోటినుంచి తప్పు అనే మాట హారనక్క వినడం అదే మొదలు. ఆ పిల్లని కాస్త మనిషిగా లెక్కేసింది. ట్రే అమ్మాయిని లెక్కెయ్యలేదు.

అయిదు రోజుల తర్వాత ఆపరేషన్ జరిగింది. మత్తు ఇచ్చేముందు డాక్టరమ్మ పెట్టె తెచ్చి మీద ఉన్న అంకె చదివించింది. రెండు నెలలకి హారనక్క డ్యూటీలో చేరింది. పైన రెండు వేళ్ళ వెడల్పున ముడత పడింది. చొక్కా తీస్తే ఎడమ కుడి ఒకేలా లేవు. వేసుకుంటే ఉన్నాయి. వదినగారు వచ్చి ఎగాదిగా చూసి, "దీనికేనా ఇంత హడావిడి? ఉన్నట్టే లేదు" అంది. "అదే కదా కావలసింది" అని హారనక్క ఆవిడకి ఇంకో కప్పు కాఫీ పోసింది.

ఆరు నెలల చెకప్‌కి వెళ్ళినప్పుడు వెయిటింగ్ హాల్లో ట్రే అమ్మాయి ఎదురుగా ఒక జంట కూర్చుని ఉంది. ట్రేలో ముద్దల్ని మొగుడు ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నాడు, మార్కెట్లో మామిడిపళ్ళు నొక్కినట్టు. పెళ్ళాం ఒళ్ళో చేతులు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది.

"ఇది బావుంది. ఇదే రాయండి" అన్నాడు.

హారనక్క లేచి వెళ్ళి వాళ్ళ ముందు నిలబడింది. "ఏమమ్మా, అది ఆయనకా, నీకా?"

ఆ మనిషి ఎర్రగా చూశాడు. "మీరెవరండీ మధ్యలో?" భార్య కూడా మొహం చిట్లించింది, పరాయి మనిషి ఒంటిమీద చెయ్యేసినట్టు. ఎవరూ థాంక్సు చెప్పలేదు. హారనక్కకి ఒళ్ళు మండింది. చూడు దీన్ని, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూర్చుంది, అనుకుంది. అయినా వెనక్కి వెళ్ళలేదు. ఆ మనిషి చేతిలోంచి ముద్ద తీసుకుని పెళ్ళాం ఒళ్ళో పెట్టింది. పక్క కుర్చీలో కూలబడి, "నాకు తొందరేం లేదు. నువ్వు పట్టుకుని చూడు" అంది.

పెళ్ళాం మొగుడి వైపు చూసింది, హారనక్క వైపు చూసింది. కాసేపటికి ముద్దని అరచేతిలోకి తీసుకుని, బరువు చూసి, ట్రేలో పెట్టేసింది. ఇంకా చిన్నదాని కోసం వెతకసాగింది.