ఎండ ఇచ్చిన గ్లాసెడు నీళ్ళు

నా చిన్నప్పుడు ఉప్పెన వచ్చి వెళ్ళాక హంసలదీవి దగ్గర మా ఊళ్ళో బావులన్నీ ఉప్పగా అయిపోయాయి. రోడ్లు తెగిపోయాయి, మంచినీళ్ళ ట్రాక్టరు ఎప్పుడొస్తుందో తెలియదు. మా చెల్లికి అప్పుడు రెండేళ్ళు. జ్వరంతో, విరేచనాలతో నీరసించిపోయి, నీళ్ళు నీళ్ళు అని అడిగేది.

మా తాతయ్య, అంటే అమ్మకు నాన్న, ఉప్పుమళ్ళలో పనిచేసినవాడు. బతుకంతా నీళ్ళను ఎండకు వదిలేసి ఉప్పు తెచ్చుకున్న మనిషి, ఇప్పుడు ఉప్పు వదిలేసి నీళ్ళు పట్టడానికి కూర్చున్నాడు. వెడల్పాటి రేకు పళ్ళెంలో బావినీళ్ళు పోసి, మధ్యలో ఖాళీ గిన్నె పెట్టాడు. యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచి కోసి పైన కప్పి, అంచులు బురదతో మూసి, గిన్నెకు సరిగ్గా పైన ఓ చిన్న రాయి ఉంచాడు. ప్లాస్టిక్‌కు పట్టిన ఆవిరి చుక్కలై, రాయి దగ్గరికి జారి గిన్నెలో పడేది. మొదటిరోజు అరగ్లాసు కూడా రాలేదు. మర్నాడు పళ్ళేనికి మసి పూసి, నీళ్ళు వేలి మందమే పోశాడు.

"పలచగా ఉంటేనే ఎండ లాక్కుంటుందే అమ్మాయ్, ఉప్పుమడిలోనైనా ఇంతే" అన్నాడు. సాయంత్రానికి గ్లాసు నిండింది. చెల్లి తాగి నిద్రపోయింది.

విన్నాను గానీ నా బుర్రకెక్కితేగా! మూడోరోజు ఎవరూ చూడకుండా ప్లాస్టిక్ ఎత్తి, ఎక్కువ పోస్తే ఎక్కువ వస్తాయని రెండు చెంబుల బావినీళ్ళు ఒంపేశాను. అవి పొంగి గిన్నెలోకి వెళ్ళిపోయాయి. భయపడి మళ్ళీ కప్పేశాను.

సాయంత్రం తాతయ్య గిన్నెలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. అంచు బురదలో నా చిన్న వేళ్ళ గుర్తులు కనబడుతున్నాయి. అరచేత్తో వాటిని చెరిపేసి, "నా చెయ్యి తగిలిందమ్మా, పాడుచేశాను" అని అమ్మతో చెప్పాడు. అమ్మ ఆయన్ని అనరాని మాటలంది. ఆయన తల వంచుకుని అన్నీ విన్నాడు.

తెల్లవారేసరికి చెల్లి పోయింది. ఆ మధ్యాహ్నం ట్రాక్టరు వచ్చింది. అమ్మ బిందె పట్టుకుని లేవలేదు.

ఆ గ్లాసుతో చెల్లి బతికేదో లేదో నాకు తెలియదు. అమ్మ మాత్రం తన తండ్రితో మళ్ళీ మనసు విప్పి మాట్లాడలేదు. ఆయన పోయేటప్పుడు నోట్లో తులసినీళ్ళు మావయ్య పోశాడు, అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. అమ్మ చివరి రోజుల్లో చెప్పేద్దామని ఎన్నిసార్లు మంచం దగ్గర కూర్చున్నానో! నోరు రాలేదు. ఇప్పుడు వినేవాళ్ళు లేకపోయినా అంటున్నాను. అమ్మా, ఆ నీళ్ళు పాడుచేసింది నేనే.